అమ్మ కోసం కొన్న బండి

మా ఇంట్లో ఎవరికేది కావాలనిపించినా అది నా కోసమే కొంటారు. హాల్లో గోడంత టీవీ నా కోసమే వచ్చింది. అందులో నేను చూసేది పొద్దున పంచాంగం, అదీ పది నిమిషాలు. మేడ మీద గదికి ఏసీ నా కోసమే పెట్టించారు. నేను మేడ మెట్లెక్కి మూడేళ్ళు దాటింది. మొన్న కొన్న బండీ అలాగే నా కోసమే కొన్నారు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట వెనకటికెవడో. ఆ బండి సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

నా పేరు ప్రసూనాంబ. జగ్గయ్యపేటలో ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు డెబ్బై రెండు. మా వారు రామబ్రహ్మంగారు పోయి మూడేళ్ళయింది. పెద్దవాడు జయదేవ్ ఇక్కడే సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వాడూ, వాడి భార్య మైథిలీ నాతోనే ఉంటారు. చిన్నవాడు భార్గవది హైదరాబాదులో ఉద్యోగం. పెళ్ళాం పిల్లలు అక్కడే, వీడు మాత్రం సెలవు దొరికితే చాలు ఇక్కడ వాలుతాడు.

నాకున్నది ఒక్కతే చెల్లెలు, వాగ్దేవి. నందిగామలో కొడుకు దగ్గరుంటుంది. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. కానీ అన్నీ వినపడతాయి, అన్నీ అర్థమవుతాయి. ప్రతి శనివారం నేను వెళ్ళి దానికి తల దువ్వి, జడ వేసి, నా చేత్తో పప్పన్నం తినిపించి, వారం రోజుల పేపర్లూ చదివి వినిపించి వచ్చేదాన్ని. శనివారం తెల్లారితే చాలు, అది మంచం మీద నుంచి గుమ్మం వైపే చూస్తూ ఉంటుందని వాళ్ళబ్బాయి చెప్పేవాడు. నాకు మిగిలిన వారమంతా ఆ ఒక్క రోజు కోసమే గడిచేది.

పోయిన కార్తీకంలో బాత్‌రూమ్‌లో జారిపడ్డాను. తుంటి విరిగింది, లోపల రాడ్డు వేశారు. కాలు జానెడు కన్నా ఎత్తు లేపొద్దని డాక్టరు చెప్పాడు. దాంతో ఆర్టీసీ బస్సుకి దణ్ణం పెట్టేశాను. ఒకసారి పంతానికి పోయి ఆటోలో వెళ్ళొచ్చి, ఆ కుదుపులకి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఇక దిక్కు మా చిన్న కారే. పదేళ్ళ నాటిది. తలుపు తీసి, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకుంటే చాలు. మైథిలి నడిపేది. ఆ పిల్ల నడిపితే ఒళ్ళో మజ్జిగ గ్లాసు పెట్టుకున్నా తొణకదు.

అలా ఆర్నెల్లు హాయిగా గడిచిందో లేదో, భార్గవ కళ్ళు ఆ కారు మీద పడ్డాయి. అమ్మని ఈ డొక్కు బండిలో తిప్పుతున్నామా, పెద్ద బండి కొందాం, ఏడుగురం పడతాం, అమ్మకి సుఖంగా ఉంటుంది అన్నాడు. జయదేవ్ కూడా సరేనన్నాడు. నేను ఒక్క మాటే అన్నాను. ఏ బండైనా కొనుక్కోండి, నేను ఎక్కగలిగేది కొనండి అని. ఇద్దరూ గంగిరెద్దుల్లా తలలూపారు.

తర్వాత నెల రోజులు ఇంట్లో ఒకటే గోల. పెద్దవాడు పాత బండి కొందామంటాడు, చిన్నవాడు కొత్తదే కావాలంటాడు. పాతదైతే అదే డబ్బుకి ఇంకా పెద్ద బండి వస్తుందని వీడు, ఎవడు ఎక్కడ గుద్దాడో తెలియని బండి మనకేం ఖర్మ అని వాడు. భార్గవ ఫోన్లో వీడియోలు పెట్టి నేల నుంచి బండి ఎంత ఎత్తులో ఉందో, పైకప్పు ఎలా తెరుచుకుంటుందో చూపించేవాడు. బండి రోడ్డు మీద వెళుతుంటే జనం తప్పుకోవాలట. నాకు జనం తప్పుకోనక్కర్లేదురా, తలుపు దగ్గర నాకు తోవ దొరికితే చాలు అన్నాను. నా మాట వినిపించుకున్నవాడు లేడు.

చివరికి ముందు పాతవి చూద్దామని ఒక ఆదివారం నందిగామ బైపాస్ పక్కన పాత కార్లమ్మే వెస్లీ దగ్గరికి వెళ్ళాం. నలభై ఏళ్ళుంటాయేమో, నిదానంగా మాట్లాడే మనిషి. మా వాళ్ళు చూడాలన్న నల్లటి పెద్ద బండి చూపించాడు. మా వాళ్ళు స్టీరింగు పట్టుకుని చూస్తుంటే, అతను మాత్రం వెనక తలుపు తీసి, "మామ్మగారూ, బండి మీ కోసమంటున్నారు కదండీ, ముందు మీరు కూర్చుని చూడండి" అన్నాడు.

నెల రోజుల్లో నన్ను ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. ప్రయత్నం చేశాను. నా వల్ల కాలేదు. అతను దాచకుండా చెప్పాడు, ఈ రకం బండ్లన్నీ ఇంతే ఎత్తండీ, కొత్తదైనా ఇంతేనండీ అని. ఆ తర్వాత ఓ మూల ఉన్న వెండిరంగు బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. అదీ ఏడుగురు పట్టేదే, కాకపోతే నేలకి దగ్గరగా ఉంది. తలుపు పక్కకి జరుగుతుంది. నేను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చున్నాను. లోపల కాళ్ళు చాపుకోవచ్చు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మైథిలి ముందు సీట్లో కూర్చుని అద్దాలు సర్దుకుంటూ, ఇది బాగుందండీ అత్తయ్యగారూ అంది.

మా అబ్బాయిలు మొహాలు చూసుకున్నారు. ఇది టాక్సీలకి తిప్పే బండి అన్నాడు భార్గవ. ఇంటి ముందు పెడితే, ఎయిర్‌పోర్టుకి ఎంత తీసుకుంటారు అని అడుగుతారట. జయదేవ్ ఇంకో కబురు లాగాడు. ఈ బండి ఎవరిదని అడిగాడు. చెవిటికల్లులో ఒక పెద్దాయనదండీ, ఆయన పోయారు, వాళ్ళావిడ అమ్మేస్తున్నారు అని వెస్లీ ఉన్నదున్నట్టు చెప్పాడు. అంతే, పోయినవాళ్ళ బండి మనకెందుకు అంటూ ఇద్దరూ బయటికి నడిచారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయిన మీ నాన్న కట్టిన ఇంట్లో మీరుండట్లేదట్రా? పోయిన మనిషి వాచీ ఈ జయదేవ్ చేతికి లేదూ? పోయినవాళ్ళ పొలమూ, పోయినవాళ్ళ బంగారమూ పనికొస్తాయి, బండి మాత్రం అచ్చిరాదు. ఇదంతా దారి పొడుగునా అంటూనే ఉన్నాను. చిల్లకల్లు టోల్‌గేటు వచ్చేసరికి భార్గవ పాటలు పెట్టాడు.

పై ఆదివారం నందిగామలోనే హైవే మీద ఒక కొత్త బండ్ల షోరూముకి వెళ్ళాం. నవీన్‌బాబు అని, మెడలో టై కట్టుకున్న కుర్రవాడు ఎదురొచ్చాడు. నడిపి చూసుకోవడానికని ఒక బండి తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. మిద్దెలా ఉంది. వెస్లీ చెప్పింది గుర్తుంది కనక, ఎక్కగలనో లేదో ఇప్పుడే తేలిపోతే మంచిదని నేను కర్ర పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళాను.

జయదేవ్ గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించి, "అమ్మా, నువ్వాగు. కొత్త బండి కదా, ముందు మైథిలి ఎక్కనీ. ముత్తైదువ ఎక్కితే మంచిది" అన్నాడు.

నేను వాడి మొహంలోకి చూశాను. వాడేదో నా మేలు కోరి చెప్పినట్టే ఉన్నాడు. అసలు అది మా బండి కాదు. ఊళ్ళోవాళ్ళందరూ ఎక్కి దిగే బండి. ఆ పొద్దున అందులో ఎందరెక్కారో, ఎవరెలాంటివాళ్ళో ఆ టై కుర్రాడికి కూడా తెలియదు. వాళ్ళెవరికీ లేని దోషం నాకు అంటింది. వాణ్ణి తొమ్మిది నెలలు మోసింది నేను, అక్షరాలు దిద్దించింది నేను, ఇప్పుడు వాడి బండికి నేను అపశకునం.

నోరు లేనిదాన్ని కాదు. కానీ ఆ పూట నా నోరు పెగల్లేదు. ఎందుకంటే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఎనభై ఆరులో మా వారు స్కూటరు కొన్నప్పుడు, కొబ్బరికాయ కొట్టే వేళకి ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. కాసేపు లోపలికి వెళ్ళండత్తయ్యా అని చెప్పింది నేనే. ఆవిడ మారుమాట లేకుండా లేచి వెళ్ళారు. మర్నాటికి నేనా సంగతే మరిచిపోయాను. ఆవిడ మరిచిపోయి ఉంటారనే అనుకున్నాను, ఇన్నేళ్ళూ.

మైథిలి బండెక్కి కిటికీలోంచి నా వైపే చూస్తోంది. నన్ను సోఫాలో కూర్చోబెట్టి చేతికి కాఫీ ఇచ్చారు. వాళ్ళు అరగంట తిరిగొచ్చి, తిన్నగా బల్ల దగ్గర కూర్చుని కాయితాల మీద సంతకాలు పెట్టారు. అమ్మ పేరు మీదే బుక్ చేశాం అని భార్గవ నా చేత కూడా ఒక సంతకం పెట్టించుకున్నాడు. పేరు పెట్టడానికి మాత్రం ముత్తైదువ అక్కర్లేదు.

ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చినట్టు, ఆ వారంలోనే మా చిన్న కారు అమ్మేశారు. మంచి బేరం వచ్చిందట. కొత్త బండి వచ్చేదాకా ఉంచమని మైథిలి మొగుడితో గట్టిగానే చెప్పింది. పది రోజుల్లో వచ్చేదానికి ఇదెందుకు అన్నాడు. వాళ్ళు కోరిన రంగు లేదని ఆ పది రోజులు కాస్తా ఆరు వారాలైంది. టాక్సీ మాట్లాడమంటే, ఇవాళో రేపో మన బండే వస్తుంటే టాక్సీ ఎందుకమ్మా అనేవారు ప్రతి వారమూ. ఆరు శనివారాలు నేను చెల్లెలి మొహం చూడలేదు. ఫోన్లో వీడియో పెట్టి మాట్లాడితే మొదటి వారం కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. మూడో వారం నుంచి ఫోను చూపించగానే మొహం గోడ వైపు తిప్పేసుకుంది. అక్కయ్య రావడం మానేసిందనుకుంటోంది పెద్దమ్మా, ఎంత చెప్పినా వినదు అన్నాడు వాళ్ళబ్బాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఏడో శనివారం బండి వచ్చింది. భార్గవ హైదరాబాదు నుంచి ముందు రోజే దిగాడు. మా ఇంటి ముందే పూజ పెట్టుకున్నారు. నేను చెల్లెలి కోసం గోరుమిటీలు చేసి డబ్బాలో పెట్టి, చీర మార్చుకుని, పొద్దున ఎనిమిదికల్లా తయారై కూర్చున్నాను. పురోహితుడు వచ్చాక మైథిలి నా గదిలోకి వచ్చి, మంచం పక్కన నిలబడి, ఏదో చెప్పలేక చీరకొంగు మెలిపెడుతోంది. ఎవరు పంపారో, ఏం చెప్పమన్నారో నాకర్థమైంది. వెళ్ళవే, నేను రానులే, కాయ కొట్టాక పిలవండి అన్నాను. నా ఇంట్లో, నా పేరు మీద బండికి పూజ జరుగుతుంటే నేను వెనక గదిలో కిటికీ కూడా తియ్యకుండా కూర్చున్నాను.

నిమ్మకాయలు తొక్కించాక పిలుపొచ్చింది. బయటికి వచ్చి చూస్తే తలుపు తీసి పెట్టారు. సీటు నా గుండెల ఎత్తుకుంది. పక్కన ఒక మెట్టు లాంటిది పెట్టించారు, అదే మోకాలి పైకి వస్తోంది. ప్లాస్టిక్ స్టూలు తెచ్చారు. అది కదిలింది. పీట తెచ్చారు. చాలలేదు. ఇక జయదేవ్ ముందు నుంచి నా రెండు చేతులూ పట్టుకుని లాగడం, భార్గవ వెనక నుంచి నడుము పట్టుకుని ఎత్తడం మొదలుపెట్టారు. వీధిలో ఆడా మగా నిలబడి చూస్తున్నారు. ధాన్యం బస్తా ఎక్కించినట్టు ఎక్కిస్తున్నారు నన్ను. తుంటిలో కలుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. దింపండిరా అని అరిచాను.

దింపి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. అలవాటవుతుందిలేమ్మా అన్నాడు జయదేవ్. తుంటిలో రాడ్డుకి అలవాట్లేమిటో నాకు తెలియదు. ఇంతలో భార్గవ టైము చూసుకుని, ముహూర్తం దాటిపోతోంది, మొదటి ప్రయాణం తూర్పుకే వెళ్ళాలన్నారు, ఎలాగూ పిన్ని దగ్గరికే కదా, బండి ఆవిడకి చూపించి వచ్చేస్తాం అన్నాడు. నేను విన్నది నిజమేనా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. నిజమే. మిఠాయి డబ్బా కూడా నా ఒళ్ళోంచి వాడే తీసుకున్నాడు. బండి వీధి మలుపు తిరిగింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. మైథిలి చెప్పులు కూడా విప్పకుండా నా దగ్గరికొచ్చి కింద కూర్చుంది. బండి చప్పుడు వినగానే పిన్ని తల ఎత్తిందట. ఒక్కొక్కరే లోపలికి వస్తుంటే ఒక్కొక్కరినీ దాటి వెనక్కి చూసిందట. ఆఖరున మైథిలి వచ్చి తలుపు దగ్గరగా వేసేదాకా చూస్తూనే ఉందట. తర్వాత కళ్ళు మూసుకుంది. గోరుమిటీ నోటి దగ్గర పెడితే పెదవి విప్పలేదు.

అప్పుడు పిలిచాను ఇద్దరినీ. భార్గవ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆ బండి మీరు కొనుక్కున్నారు. మీకు నచ్చింది, కొనుక్కున్నారు, తప్పు లేదు. తిప్పుకోండి. కానీ నా కోసం కొన్నామని ఇంకోసారి అన్నారంటే నేనూరుకోను. నా కోసమైతే నన్ను ముందు ఎక్కించి చూసేవాళ్ళు. నేను ఎక్కితే ఏమవుతుందోనని భయపడి, నేను ఎక్కగలనో లేదో చూసుకోలేదు మీరు."

జయదేవ్ తల దించుకున్నాడు. అలా అనుకుని కాదమ్మా, అందరూ చేసేదే కదా అని గొణిగాడు. అందరూ చేసేదే. నేను కూడా చేశానుగా. ఆ మాట మాత్రం వాళ్ళకి చెప్పలేకపోయాను.

వెస్లీ కార్డు నా పర్సులోనే ఉంది. వాళ్ళ ముందే ఫోను చేశాను. వెండిరంగు బండి ఉందా అంటే, ఉందన్నాడు. రెండు నెలలైనా ఎందుకు పోలేదయ్యా అంటే, పోయినాయన బండని చెప్పగానే వెనక్కి పోతున్నారు మామ్మగారూ, దాచి అమ్మడం నాకు చేతకాదు అన్నాడు. సోమవారం బ్యాంకుకి వెళ్ళి నా రిటైర్‌మెంటు డిపాజిట్ తీయించాను. ఇంటి ముందు రెండు బండ్లుంటే నలుగురూ ఏమనుకుంటారని జయదేవ్ అడిగాడు. అది అబ్బాయిలది, ఇది అమ్మది అనుకుంటారు, అంతకన్నా అనుకునేదేముంది అన్నాను.

శనివారం పొద్దున్నే వెస్లీ స్వయంగా బండి తెచ్చి ఇంటి ముందు ఆపాడు. కొబ్బరికాయ లేదు, నిమ్మకాయల్లేవు. అతను పక్క తలుపు జరిపి పట్టుకుని నిలబడ్డాడు. మైథిలి తాళాలు పట్టుకుని నా వెనకే వచ్చింది. నేను తలుపు దాకా నడిచాను. అక్కడ నా కాలు దానంతటదే ఆగిపోయింది. పక్కకి జరిగి, "ముందు నువ్వెక్కవే" అనేశాను.

నా నోటితో నేనే అన్నాను. ఇంత రాద్ధాంతం చేసిన మనిషినీ నేనే. వెస్లీకి అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మైథిలికి అర్థమైంది. తాళాలు పిడికిట్లో బిగించి, "మీరెక్కకపోతే నేను బండి తియ్యనండీ అత్తయ్యగారూ" అంది. పెళ్ళయి వచ్చిన ఇరవై ఏళ్ళలో ఆ పిల్ల నాతో అంత గట్టిగా మాట్లాడ్డం అదే మొదలు. సిగ్గేసింది. నా మీద నాకే కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంతోనే ఎక్కి కూర్చున్నాను.

నందిగామలో వాగ్దేవి గదిలోకి వెళ్ళేసరికి పదైంది. కర్ర చప్పుడు విన్నది, నేనని తెలుసు, అయినా గోడ వైపు తిరిగే పడుకుంది. మాట పోయింది గానీ మా చెల్లెలికి కోపం పోలేదు. మంచం మీద కూర్చుని, అక్కయ్యనే, వచ్చాను అన్నాను. కదల్లేదు. ఎందుకు రాలేకపోయానో చెప్పబోయాను. బండి కథంతా నోటిదాకా వచ్చింది. దాని చింపిరి తల చూసి ఆ కథ అక్కడే వదిలేశాను. ఏడు వారాలుగా ఎవరూ సరిగ్గా దువ్వలేదు.

దువ్వెన తీసుకుని చిక్కులు తీయడం మొదలుపెట్టాను. కాసేపటికి అది ఇటు తిరిగింది. నా మొహంలోకి చూసింది. ఎడమ చెయ్యి ఎత్తి నా చేతి మీద ఫెడీమని ఒక్కటి కొట్టింది. ఇంకోటి కొట్టింది. మూడోసారి ఎత్తిన చెయ్యి నా మణికట్టు మీద పడి గట్టిగా పట్టుకుంది. నేను రెండో చేత్తో దువ్వాను. అన్నం వేళయింది, మైథిలి కంచం తెచ్చింది, అయినా అది చెయ్యి వదల్లేదు.